లద్దె పురుగు కణంలో వైరస్ ప్రయాణం: గుంటూరు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబరు, మొదటి వారం

ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి మా గైడ్ మేడమ్ ఇచ్చిన అంశం: వైరస్‌లు తాము దూరిన కణంలోని సైటోస్కెలిటన్‌ను, అంటే కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్ పోగుల అల్లికను, ఎలా వాడుకుంటాయి. పేపర్లు చదివి రివ్యూ రాసి ఇవ్వడానికైతే బ్రహ్మాండమైన అంశమే. చేతులతో చేయడానికే ఇబ్బంది. హెర్పిస్, హెచ్‌ఐవీ లాంటివాటి జోలికి మనం పోలేం. వాటికి తగిన బయోసేఫ్టీ ల్యాబ్ ఉండాలి, సెల్ కల్చర్ ఉండాలి. మాకున్నది ఒక మంచి మైక్రోస్కోపు, ఒక సెంట్రిఫ్యూజ్, తలుపు సరిగ్గా పడని ఒక ఇంక్యుబేటర్.

అందుకని పురుగుల వైరస్ ఎంచుకున్నాను. పొగాకు లద్దె పురుగుకు సోకే ఎన్‌పీవీ (న్యూక్లియో పాలీహెడ్రో వైరస్). మన జిల్లాలో మిర్చి, పత్తి, మినుము వేసే రైతులకు ఈ పేరు కొత్త కాదు, సాయంత్రం పూట కొట్టే జీవ పురుగుమందుగా తెలుసు. మనిషికి, చేపకు, తేనెటీగకు ఏమీ కాదు. ఇది బాక్యులోవైరస్ కుటుంబానికి చెందింది. ఈ కుటుంబంలో బాగా పరిశోధన జరిగిన ఏసీఎంఎన్‌పీవీ అనే వైరస్ కణంలోని యాక్టిన్‌ను (సైటోస్కెలిటన్‌లోని ఒక రకం పోగుల ప్రోటీన్‌ను) వాడుకునే తీరు చిత్రంగా ఉంటుంది. మేడమ్ విని, "సరే, కానీ పురుగులు నా రూమ్‌లోకి రాకూడదు" అన్నారు.

అదే వారం, శనివారం

ప్రత్తిపాడు దగ్గర బాబాయి వాళ్ల మిర్చి చేను. గట్ల మీద ఎర పంటగా ఆముదం వేశారు. లద్దె పురుగు తల్లి రెక్కల పురుగుకు ఆముదం ఆకంటే ప్రాణం. ఆకు తిప్పి చూస్తే గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్దలు కనిపిస్తాయి. పిల్ల పురుగులు గుంపుగా పచ్చదనమంతా గీకేసి ఆకును జల్లెడ చేసి పెడతాయి. అలాంటి జల్లెడాకులు ఏరి, పురుగులతో సహా సంచిలో వేసుకుంటుంటే బాబాయి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏందమ్మాయ్, మేం వీటిని చంపలేక చస్తుంటే నువ్వు పెంచుతానని పట్టుకెళ్తన్నావ్?"

పెంచి, జబ్బు చేయించి, చంపుతానని చెప్పాను. ఎన్‌పీవీ పేరెత్తగానే ఆయనకు వెంటనే గుర్తొచ్చింది. "ఆ మందు కొడితే పురుగు చివరి కొమ్మకెక్కి తలకిందులుగా వేలాడి చస్తది. పట్టుకుంటే నీళ్లయిపోద్ది." పుస్తకంలో ఉన్నదీ అచ్చంగా ఇదే. జిప్సీ మాత్ అనే మరో పురుగులో ఇలా పైకెక్కి చావడానికి వైరస్‌లోని ఈజీటీ అనే జన్యువే కారణమని 2011లో పరిశోధకులు చూపించారు. పురుగు పైన చచ్చి కారితే కింది ఆకులన్నీ వైరస్‌తో తడుస్తాయి. పైరు మొత్తానికి జబ్బు పంచాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

అక్టోబరు, రెండో వారం

పురుగుల పెంపకం అనుకున్నంత కష్టమేం కాదు. ప్లాస్టిక్ డబ్బా, మూతకు బదులు రబ్బరు బ్యాండుతో బిగించిన పల్చటి గుడ్డ, రోజూ కడిగి ఆరబెట్టిన ఆముదం ఆకు. శనగపచ్చ పురుగైతే ఒకదాన్నొకటి తినేస్తుంది, ఒక్కోదానికి ఒక్కో గిన్నె పెట్టాల్సి వచ్చేది. ఇవి ఆకు ఉన్నంతసేపు కలిసే ఉంటాయి. రోజూ పెంట శుభ్రం చేయకపోతే మాత్రం డబ్బాలో తేమ చేరి బాక్టీరియా జబ్బు పట్టుకుంటుంది. అప్పుడు చచ్చిన పురుగు వైరస్‌తో చచ్చిందో మురికితో చచ్చిందో తెలియదు.

కొన్నిటిని ప్యూపా దశకు వదిలేశాను. రెక్కల పురుగులు బయటికొచ్చాక పది శాతం తేనె నీళ్లలో ముంచిన దూది, గుడ్లు పెట్టడానికి గన్నేరు ఆకులు. అలా ల్యాబ్‌లో పుట్టిన తరాన్నే ప్రయోగానికి వాడాలని మేడమ్ షరతు. పొలం పురుగు లోపల ముందే ఏ జబ్బు ఉందో ఎవరు చెప్పగలరు?

దీపావళి సెలవులు

పురుగులు ఎదుగుతున్నాయి, నేను చదువుతున్నాను. ముందు అసలు సమస్య ఏంటో రాసుకుంటాను.

కణం లోపల అంటే నీళ్లలో ఈదినట్టు అనుకుంటాం. కాదు. ప్రోటీన్లు, పొరలు, పోగులు కిక్కిరిసి ఉంటాయి. చక్కెర అణువు లాంటి చిన్నవి వాటి సందుల్లోంచి దూరిపోతాయి. వైరస్ అంత పెద్దది మాత్రం ఉన్నచోటే ఊగుతుంటుంది. హెర్పిస్ క్యాప్సిడ్, అంటే దాని ప్రోటీన్ పెంకు, సుమారు 125 నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు) వెడల్పుంటుంది. అది ఎవరి సాయం లేకుండా, కేవలం డిఫ్యూజన్ మీద, అంటే దిక్కు లేకుండా ఊగుతూ వ్యాపించడం మీద, నాడీకణం తోకలో ఒక్క సెంటీమీటరు జరగాలంటే 231 ఏళ్లు పడుతుందని ఒక లెక్క ఉంది. మరి పెదవి మీద పుండు చేసే ఆ వైరస్ ముఖంలోని నరం చివరి నుంచి లోపలి గాంగ్లియాన్ (నాడీకణాల ముడి) దాకా ఎలా చేరుతోంది?

కణం తన సరుకుల కోసం వేసుకున్న దారుల మీద చేరుతోంది. మైక్రోట్యూబ్యూళ్లు 25 నానోమీటర్ల మందమున్న గొట్టాలు. ట్యూబ్యులిన్ ప్రోటీన్ జంటలు వరసగా పేరిన పోగులు సాధారణంగా 13 కలిసి ఒక గొట్టం అవుతుంది. దానికి దిక్కుంది: మామూలు కణాల్లో మైనస్ కొస కేంద్రకం పక్కన, ప్లస్ కొస కణం అంచువైపు. ఈ గొట్టం మీద డైనీన్ అనే మోటార్ ప్రోటీన్ లోపలికి నడుస్తుంది, కైనెసిన్ బయటికి నడుస్తుంది. కైనెసిన్ అడుగు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు) ఖర్చు. 1985లో దాన్ని కనిపెట్టింది స్క్విడ్ అనే సముద్రజీవి నాడీకణంలో. హెర్పిస్, అడినోవైరస్, హెచ్‌ఐవీ, ఇవన్నీ లోపలికి వెళ్లేటప్పుడు ఎక్కేది డైనీన్‌నే. అడినోవైరస్ అయితే తన పైపెంకులోని హెక్సాన్ అనే ప్రోటీన్‌తోనే నేరుగా డైనీన్‌ను పట్టుకుంటుంది. ఎందులోనూ సొంత మోటారు లేదు, సొంత ఇంధనం లేదు.

మన బాక్యులోవైరస్ ఈ దారి వదిలేసి యాక్టిన్‌ను పట్టుకుంది. నన్ను లాగింది ఈ తేడానే. యాక్టిన్ పోగు మైక్రోట్యూబ్యూల్ కన్నా చాలా సన్నం, 7 నానోమీటర్లు. కణం కదలడానికి, ఆకారం మార్చుకోవడానికి క్షణాల్లో పెరిగి క్షణాల్లో కరిగే పోగులవి. బాక్యులోవైరస్ లోపలి కడ్డీని న్యూక్లియోక్యాప్సిడ్ అంటారు. మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మూడో వంతుకు అటూ ఇటూగా పొడవుంటుంది. దాని ఒక కొసన పీ78/83 అనే ప్రోటీన్ ఉంటుంది. కణంలో యాక్టిన్ పోగుకు కొమ్మ వేసే యంత్రం ఒకటుంది, ఆర్ప్2/3 కాంప్లెక్స్. దాన్ని నిద్రలేపేవి వాస్ప్ కుటుంబపు ప్రోటీన్లు. వైరస్ తెచ్చుకున్న పీ78/83 అచ్చం ఆ వాస్ప్‌లా పనిచేస్తుంది. అంతే, కడ్డీ వెనక యాక్టిన్ పోగులు కొమ్మలు కొమ్మలుగా పెరుగుతూ దాన్ని ముందుకు నెట్టేస్తాయి. దీన్ని 2010లో బతికున్న కణాల్లో చూపించారు.

మశూచి టీకాలో వాడిన వాక్సీనియా వైరస్ కూడా యాక్టిన్ తోక వేసుకుంటుంది. 1995లోనే తెలిసిన సంగతి. కానీ అది వేసుకునేది కణం నుంచి బయటపడే వేళ. పైగా సొంత వాస్ప్ తెచ్చుకోదు. ఏ36 అనే తన ప్రోటీన్‌కు కణంలోని సార్క్ ఎంజైముతో ఫాస్ఫేట్ తగిలించుకుని, కణం వాస్ప్‌నే పిలిపించుకుంటుంది. పని ఒకటే, పద్ధతులు వేరు. పక్కింట్లో లంపీ స్కిన్ వచ్చిన గేదె ఉంది, ఆ జబ్బు చేసేదీ వాక్సీనియా ఉన్న పాక్స్ కుటుంబపు వైరస్సే. అది ఏం చేస్తుందో తర్వాత చదవాలి.

వీధిలో పిల్లలు తారాజువ్వలు కాలుస్తుంటే, వైరస్ కూడా ఇలాగే తోకతో పోతుందని ప్రాజెక్టు పార్ట్‌నర్‌కి మెసేజ్ పెట్టాను. అతను వెంటనే పట్టుకున్నాడు: తారాజువ్వ నిప్పును వెనక్కి వదిలి పోతుంది, తోక దానితో పాటే కదులుతుంది. యాక్టిన్ తోక కణంలో ఉన్నచోటే ఉంటుంది. కొత్త అణువులు చేరేది వైరస్‌కు తగిలే కొసలో మాత్రమే. వెనక పాతవి ఊడిపోతుంటాయి. కాబట్టి ఈ పోలిక రిపోర్టులో పెట్టను.

నవంబరు, మొదటి వారం

ఎన్‌పీవీ ద్రావణం ఒక బయో ల్యాబ్ నుంచి తెచ్చాం. కొత్త తరంలో మూడో దశ పురుగుల్ని కొన్ని గంటలు పస్తు పెట్టి, వైరస్ పూసి ఆరబెట్టిన ఆముదం ఆకు వేశాను. పక్క డబ్బాలో మామూలు నీళ్లు పూసిన ఆకు. రెండు డబ్బాలకూ చేతి గ్లోవ్స్ వేరు, ఫోర్సెప్స్ వేరు.

మొదట ఏ తేడా లేదు. తర్వాత జబ్బు డబ్బాలో తిండి తగ్గింది. ఒంటి రంగు పాలిపోయి కింద గులాబీ ఛాయ తేలింది. ఇంకో రోజు గడిచాక అన్నీ గుడ్డ మూతకు ఎక్కి కూర్చున్నాయి. డబ్బాలో అంతకన్నా పైకి చోటు లేదు కదా. కొన్ని వెనక కాళ్లతో పట్టుకుని వేలాడుతున్నాయి. ఒకదాన్ని ఫోర్సెప్స్‌తో తాకితే చర్మం చిట్లి పాలలాంటి ద్రవం బొట్టుగా కారింది. చిటైనేజ్, కాథెప్సిన్ అనే రెండు ఎంజైములను వైరస్సే తయారు చేయిస్తుంది. ఒకటి చర్మాన్ని గట్టిగా ఉంచే కైటిన్ అనే పదార్థాన్ని, ఇంకోటి లోపలి ప్రోటీన్లను కరిగిస్తుంది. బాబాయి "నీళ్లయిపోద్ది" అన్నది దీని గురించే.

వాసన గురించి ఒక్క మాట: హాస్టల్‌లో నా రూమ్‌మేట్ నాతో భోజనానికి రావడం మానేసింది.

నవంబరు, రెండో వారం

చచ్చిన పురుగులను డిస్టిల్డ్ వాటర్‌లో నూరి, పల్చటి గుడ్డతో వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో ముందు మెల్లగా తిప్పాను. చెత్త అడుగుకు దిగింది. పై నీటిని తీసి వేగం పెంచి తిప్పితే ట్యూబ్ అడుగున తెల్లటి పొర. ఆ పొరే పాలీహెడ్రా. మైక్రాను, రెండు మైక్రాన్ల ప్రోటీన్ స్ఫటికాలు. వాటి లోపల వైరస్ కడ్డీలు పొదిగి ఉంటాయి. ఆకు మీద ఎండకు, వానకు వైరస్‌ను కాపాడేది ఈ స్ఫటికమే. అయినా ఎండలోని అల్ట్రావయొలెట్‌కు ఎక్కువసేపు తట్టుకోలేదు. అందుకే రైతులు పొద్దువాలాక కొడతారు, బెల్లం, బట్టలకు వేసే నీలిమందు కలుపుతారు.

స్లైడ్ మీద చుక్క వేసి, కవర్‌స్లిప్ పెట్టి, ఆయిల్ లెన్స్ కింద చూశాను. గాజు రవ్వల్లాగా తళుక్కుమనే గింజలు వందలు. ఫోకస్ కొంచెం తిప్పితే నడుమ నల్లగా, మళ్లీ తిప్పితే మెరుస్తూ. కొన్నిటికి కోణాలు కూడా తెలుస్తున్నాయి.

తర్వాత చేసిన పనే ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చింది. కవర్‌స్లిప్ ఒక అంచున సోడియం కార్బొనేట్ ద్రావణం ఒక చుక్క వేసి, ఎదుటి అంచున ఫిల్టర్ పేపర్ ముక్క ఆనించాను. ద్రావణం లోపలికి పాకుతుంటే కన్ను ఐపీస్ మీద నుంచి తీయలేదు. ముందు అంచుకు దగ్గరున్న గింజల మెరుపు తగ్గింది. అంచులు మసకబారాయి. తర్వాత ఒక్కొక్కటి ఉన్నచోటే వెలిసిపోతూ, చివరికి ఖాళీ సంచిలాంటి పల్చటి గీత మిగిలింది. ప్రోటీన్ కరిగాక మిగిలే పైపొర అది. వరస వెంట వరస అలా మాయమైపోయాయి. పక్కన మామూలు నీళ్ల స్లైడ్‌లో గింజలు చెక్కుచెదరలేదు.

లద్దె పురుగు కడుపులో జరిగేది ఇదే. మన కడుపులో ఆమ్లం ఉంటే వాటి నడిమి పేగులో క్షారం, పీహెచ్ 10 దాటుతుంది. ఆకుతో పాటు మింగిన స్ఫటికం అక్కడ కరిగి కడ్డీలు బయటపడతాయి. అవి పేగు కణాల మీదున్న సన్నటి వేళ్లలాంటి మైక్రోవిల్లైకి అతుక్కుని లోపలికి దూరతాయి. ఆ మైక్రోవిల్లై లోపల ఉన్నదీ యాక్టిన్ పోగుల కట్టలే. అంటే గడప దగ్గర నుంచే యాక్టిన్ తగులుతుంది.

నా మైక్రోస్కోపు ఇక్కడి దాకానే వచ్చింది. కడ్డీ కణంలోకి దూరాక ఏం జరిగిందో అది చూపించదు. మళ్లీ చూపించేది చివర్లో, కేంద్రకం నిండా కొత్త స్ఫటికాలు పేరుకున్నాక. మధ్య కథంతా వేరే దారిలో తెలుసుకోవాలి.

నవంబరు, మూడో వారం

మధ్య కథలో నన్ను వేధించిన ప్రశ్న: యాక్టిన్ తోకకు దిక్కు తెలియదు. డైనీన్ ఎక్కితే కేంద్రకం వైపుకే తీసుకెళ్తుంది. యాక్టిన్ మాత్రం ఎటు ఊగితే అటు నెడుతుంది. మరి వైరస్ కేంద్రకాన్ని ఎలా కనిపెడుతుంది?

కనిపెట్టదు, పోయి గుద్దుకుంటుంది. 2010 పేపర్ చెప్పింది ఇదే. దీన్ని నమ్మడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. కణం ఒక గుండ్రటి గీత, నడుమ కేంద్రకం ఇంకో గుండ్రటి గీత. అంచు నుంచి చుక్క బయలుదేరుతుంది. ఒకే వేగం, దిక్కు కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది, అంచుకు తగిలితే తిరిగొస్తుంది. కేంద్రకానికి తగిలితే ఆట ముగిసింది. నిమిషానికి కొన్ని మైక్రాన్ల వేగమిస్తే చాలావరకు చుక్కలు అరగంట లోపే తగిలేస్తున్నాయి. కేంద్రకాన్ని చిన్నది చేస్తే ఆలస్యమవుతోంది. దిక్కు మరీ తొందరగా మారేలా పెడితే చుక్క ఉన్నచోటే గింగిరాలు తిరుగుతోంది, అది డిఫ్యూజన్‌తో సమానం. కాబట్టి దిక్కు తెలియకపోయినా ఫర్వాలేదు, కాసేపు తిన్నగా పోగలిగితే చాలు. మీటరు పొడవుండే నాడీకణానికి ఈ పద్ధతి పనికిరాదు. పేగు కణానికి సరిపోతుంది. హెర్పిస్ డైనీన్ ఎక్కడానికీ, ఇది యాక్టిన్‌తో సరిపెట్టుకోవడానికీ తేడా ఇందులోనే ఉందని నా ఊహ. మేడమ్ మాత్రం "ఊహ అని స్పష్టంగా రాయి" అన్నారు. రాశాను.

కేంద్రకం చేరిన కడ్డీ విప్పుకోకుండా, మొత్తంగా న్యూక్లియర్ పోర్‌లోంచి (కేంద్రకం పొరలోని రంధ్రంలోంచి) లోపలికి పోతుంది. అసలు విడ్డూరం ఆ తర్వాత. వైరస్ తన తొలి జన్యువులతో కణంలోని యాక్టిన్‌ను కేంద్రకంలోకి లాక్కుంటుంది. అక్కడ పోగులు కట్టిస్తుంది. ఆ పోగులు లేకపోతే కొత్త కడ్డీలు సరిగ్గా తయారవ్వవు. యాక్టిన్ పోగులను అడ్డుకునే సైటోకలాసిన్ డి అనే మందుతో దీన్ని 1988లోనే చూపించారు. ఇక కణం నుంచి బయటపడే దారిలో యాక్టిన్ మళ్లీ వస్తుంది, మైక్రోట్యూబ్యూల్ మీది కైనెసిన్ కూడా చేయి వేస్తుంది. అప్పుడు దిక్కు అవసరం కదా.

ఒక పిట్టకథ. ఈ పరిశోధనలకు వాడే ఎస్ఎఫ్9 కణాలు వచ్చింది కత్తెర పురుగు నుంచి. 2018లో మన దేశంలోకి దిగి మొక్కజొన్న రైతును ఏడిపించిన పురుగే. అదే కణాల్లో బాక్యులోవైరస్‌తో ప్రోటీన్ తయారు చేయించి కోవోవ్యాక్స్ అనే కోవిడ్ టీకా చేశారు. ఈ సంగతి చెప్తే బాబాయి "అయితే దాన్ని మన చేలో ఎందుకు చంపడం, అమ్ముకుందాం" అన్నాడు.

నవంబరు, చివరి వారం

బాబాయి గట్టు మీది ఆముదం మొక్కల్లో కొన్నిటికి మా ద్రావణం పొద్దుగూకాక కొట్టాం. న్యూబావర్ స్లైడ్ మీద గింజలు లెక్కపెట్టి, మోతాదు మేడమ్ చూసి ఒప్పుకున్నాకే. మిర్చి మీద కొట్టలేదు. పురుగు వెంటనే చావదు, ఆ మధ్యలో తింటూనే ఉంటుంది. వైరస్ పేగు కణంలో దూరి, కేంద్రకం చేరి, పెరిగి, ఒళ్లంతా పాకడానికి పట్టే ఆ సమయమే రైతుకు తలనొప్పి. "కొట్టిన మర్నాడు చచ్చిపడాలి, అప్పుడే మందు" అనేది ఊళ్లో మాట. చిన్న పురుగుల మీద కొడితేనే ఫలితం బాగుంటుందని చెప్పడానికి నాకిప్పుడు కారణం కూడా తెలుసు గానీ, చేను మధ్యలో నిలబడి యాక్టిన్ గురించి చెప్పే ధైర్యం రాలేదు. పెద్ద పురుగు ఎక్కువ తట్టుకుంటుంది అని ఊరుకున్నాను.

డిసెంబరు, మొదటి వారం

విజయవాడలో ఒక చోట ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు వాడుకోవడానికి మేడమ్ ఉత్తరం ఇచ్చారు. యాక్టిన్ పోగులను ఎర్రగా వెలిగించే రోడమిన్ ఫాలోయిడిన్ కొద్దిగా దొరికింది. ఫాలోయిడిన్ ఒక విషపు పుట్టగొడుగులోని పదార్థం. పోగు కట్టిన యాక్టిన్‌నే పట్టుకుంటుంది, విడి అణువులను వదిలేస్తుంది. మాకు కావలసింది సరిగ్గా ఆ తేడానే.

ముందు ఆరోగ్యంగా ఉన్న పురుగుతో ట్రయల్ చేశాం. పొట్ట కింది కాలు కత్తిరిస్తే వచ్చే ఆకుపచ్చ రక్తాన్ని కవర్‌స్లిప్ మీద పట్టి, కణాలు అతుక్కునేదాకా ఆగి, ఫార్మాల్డిహైడ్‌తో బిగించి, రంగు వేశాం. గది చీకటి చేసి చూస్తే రక్తకణాల అంచుల్లో ముళ్లలా పొడుచుకొచ్చిన ఎర్రటి గీతలు, నడుమ కేంద్రకం ఉండే చోట నల్లటి ఖాళీ. కేంద్రకానికి వేసిన నీలం రంగు కలిపి చూస్తే ఆ ఖాళీలో నీలం సరిగ్గా కూర్చుంది, ఎరుపు లేదు.

జబ్బు పురుగు రక్తకణాల్లో అదే చోట ఎరుపు కనిపిస్తుందా అన్నది చూడాలి. ఏసీఎంఎన్‌పీవీ సంగతి తెలుసు, లద్దె పురుగు వైరస్‌లో మా కళ్లతో చూడాలి. మరీ ఆలస్యంగా రక్తం తీస్తే కణాలు పగిలి స్ఫటికాలే మిగులుతాయి, మరీ ముందుగా తీస్తే ఏమీ ఉండదు. అందుకని ఈసారి వైరస్ పెట్టిన పురుగులను గంటల తేడాతో బ్యాచ్‌లుగా విడదీశాను. స్లాట్ వచ్చే మంగళవారం ఉదయం. గుంటూరు నుంచి పొద్దున్నే బయలుదేరే రైల్లో డబ్బాలు పట్టుకెళ్లాలి, మూతలు మాత్రం ఈసారి డబుల్ గుడ్డతో కట్టమన్నాడు పార్ట్‌నర్.